ధూళికి ఒక దారి

పుదుచ్చేరిలోని మేట్టుపాళయం పేరు వినగానే పారిశ్రామికవాడ, పెద్ద యంత్రాలు స్ఫురిస్తవి. ఇంటి వసారాలో రంపపు యంత్రం పెట్టుకొని బ్రతికే వడ్రంగి అంతగా గుర్తుకు రాడు. కాని ధూళి ఇద్దరికీ ఒక్కటే. నేలపై రాలిన పొట్టుకు చీపురు చాలును. గాలిలో తేలే సన్నని ధూళి చీపురుకు లొంగదు. కొయ్యధూళి కాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో నిర్ధారించింది.

అందుచేత వడ్రంగి ధూళిని పీల్చే యంత్రం కొనదలుస్తాడు. అంతకు ముందు అతడు చూచుకొనవలసినది గోడలోని తీగను. ఒంటరిగా పనిచేసేవాడు రంపం ఆపిన పిమ్మటనే చిత్రిక యంత్రం తిప్పుతాడు. కనుక ఒక్క తీగతోనే ఇన్నాళ్లు గడచినది. ఈ కొత్త యంత్రం మాత్రం ప్రతిదానితోను జతగా తిరుగవలసినదే. 230 వోల్టుల వద్ద 2 అశ్వశక్తుల మోటారు దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. బయలుదేరే క్షణాన ఐదారు రెట్లు. రెండు మోటార్లు ఒకే తీగపై నడిస్తే కోత మధ్యలో ఎం.సి.బి. పడిపోతుంది. విసిగినవాడు దాని స్థానంలో పెద్దది బిగిస్తాడు. అప్పుడు ఎం.సి.బి. పడదు, తీగ కాగుతుంది. చుట్టూ ఉన్నది ఎండుపొట్టు!

కావున కొత్త యంత్రానికి పంపిణీ పెట్టె నుండి వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, తగిన ఎం.సి.బి., నమ్మదగిన ఎర్త్ ముందుగా అమరవలెను. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే అమర్చవలెను. ఆ ఖర్చు కుర్చీకి నునుపు తేదు, బేరంలో ధర పెంచదు. అయినను ఊపిరి కాపాడుకొనబోయి ఇల్లు పోగొట్టుకొనకుండుటకు చెల్లించవలసిన వెల అది.