సూర్యుడి దెబ్బ ఎన్ని గంటలకు?

సూర్యుడి మీద విస్ఫోటనం జరిగితే దాని దెబ్బ మనకు ఎన్ని గంటలకు తగులుతుందో కనుక్కుని రమ్మని ఈ వ్యాసకర్తను ఎడిటర్ కొడైకెనాల్ పంపారు. 1899లో నెలకొల్పినప్పటి నుంచీ సూర్యుడి కోసమే ఉన్న పరిశోధనశాల కదా, జవాబు అక్కడే ఉంటుందని ఆయన ఆశ.

అక్కడ సొరంగంలో పెట్టిన టెలిస్కోపు గురించి చాలానే చెప్పుకోవచ్చు. కానీ కాళ్లు ఆగిపోయేది పాత చిత్రాల ముందే. 1904 నుంచి ఇక్కడ సూర్యపటాలను చేత్తో గీస్తూ వచ్చారు. అక్షాంశ, రేఖాంశాలున్న వలయంలో మచ్చలు, తంతువులు, అంచున లేచిన జ్వాలలు వేటికవి వేరుగా కనబడతాయి. సన్నటి తంతువు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో చూపే గీతలో తొందర లేదు, సోకు లేదు. గీసినవారి పేరు మనకు తెలియదు, చెయ్యి మాత్రం తెలుస్తుంది. అలాంటి తంతువులు తెగి ఎగిసినప్పుడే చాలాసార్లు కోట్ల టన్నుల ప్లాస్మా అంతరిక్షంలోకి దూసుకొస్తుంది. దాన్నే కరోనల్ మాస్ ఎజెక్షన్ అంటారు.

"ఇంత దూరం వచ్చింది మబ్బు చూడ్డానికా? ఈ పాత కాగితాలు చూసి ఏం చేస్తాం, పదండి, బోటింగ్ టైమైపోతోంది" అన్నారు వెనక నుంచి ఒక తెలుగు పెద్దాయన. "ఉండండి, పిల్లాడు చూస్తున్నాడు" అంది భార్య. ఆయన ఉండలేదు.

ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి గమనించే మన ఉపగ్రహం ఆదిత్య ఎల్1 లేచినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. అది రోజూ ఏం చూస్తోందని మనలో ఎందరం అడిగాం?

ఎడిటర్ ప్రశ్నకు జవాబు ఆ రోజువారీ చూపులోనే ఉంది. 1859 సెప్టెంబరు 1న బ్రిటిష్ ఖగోళవేత్త కారింగ్టన్ సూర్యుడి మీద చూసిన మెరుపు తాలూకు తుపాను దాదాపు 17 గంటల్లో భూమిని తాకింది. నెమ్మదిగా కదిలేవాటికి మూడు నాలుగు రోజులు పడుతుంది. బయల్దేరిన వేగాన్ని, సూర్యబింబాన్ని కప్పి దాని చుట్టూ ఉన్నదాన్ని చూపే కరోనాగ్రాఫ్ చిత్రాల నుంచి లెక్కగడతారు. అయితే మనవైపే వచ్చేదాని వేగం ఎదురుగా నిలబడి చూస్తే సరిగా అందదు. దారిలో సౌరగాలి వేగవంతమైనదాన్ని నిదానింపజేస్తుంది, నెమ్మదైనదాన్ని లాక్కొస్తుంది. ముందు వెళ్ళినది దారి ఖాళీ చేస్తే వెనకది ఇంకా త్వరగా వస్తుంది. అందుకే రాకను అంచనా వేసే మంచి కంప్యూటర్ నమూనాలు సైతం సగటున పది గంటలు అటూ ఇటూ తప్పుతుంటాయి.

బంగాళాఖాతంలో తుపాను వస్తే దారి పొడవునా ఉపగ్రహాలు, సముద్రంలో తేలే బోయ్‌లు, తీరం దగ్గర రాడార్లు కాపలా ఉంటాయి. సూర్యుడి నుంచి ఇటు వచ్చే 15 కోట్ల కిలోమీటర్లలో నిలకడైన కాపలా చివరి 15 లక్షల కిలోమీటర్ల దగ్గర, ఎల్1 అనే బిందువు వద్ద మాత్రమే. వచ్చే ప్లాస్మా అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నది తేలేదీ అక్కడే. తిరిగి ఉంటేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. అప్పటికి మన చేతిలో మిగిలేది అరగంట, మహా అయితే గంట.

ఆ కాస్త వ్యవధికే విలువుంది. 1989 మార్చి 13న సౌర తుపాను వల్ల కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షల మందికి సుమారు 9 గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో ఒక చిన్న తుపానుకే, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా పోయాయి. 2024 మే తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన రోజుల్లోనే, అమెరికాలో జీపీఎస్ మీద నడిచే ట్రాక్టర్లు విత్తే వేళ పొలాల్లో ఆగిపోయాయి. మన పొలాల మీద మందు కొట్టే డ్రోన్లు ఎగురుతున్నదీ జీపీఎస్ నమ్ముకునే.

అంచనా మెరుగుపడాలంటే కొత్త రాకెట్ ఒక్కటే చాలదు. ఏ తంతువు ఎప్పుడు తెగింది, ఎప్పుడొస్తుందన్నాం, ఎప్పుడొచ్చింది అని విసుగు లేకుండా రాసిపెట్టేవాళ్లు కావాలి. వాళ్ల జీతాలకు, పాత పటాల భద్రతకు డబ్బు ఇవ్వాలి. తుపాను హెచ్చరికలాగే సౌర హెచ్చరికనూ తెలుగులో ఇవ్వాలి, ఎన్ని గంటలు తప్పవచ్చో కూడా అందులోనే చెప్పాలి.