టమాటాపెట్టెయు ఆచార్యపీఠమును

చందనవెల్లినుండి చేవెళ్లకును, మొయినాబాదు మీదుగా పట్టణమునకును పోవు బాటలపై, కోడికూతవేళకే సరకుబండ్లు సాగుచుండును. టమాటాలు, ఆకుకూరలు, పూలు వానిలో నిండియుండును. మన బాలురలో పెక్కండ్రు వేకువను పెట్టెలెత్తి, పిమ్మట పుస్తకములెత్తి బడికి వచ్చువారే. ఆ పెట్టెలను మేము ఇరువదియేండ్లుగా చూచుచున్నాము. వానివెనుక నొక శాస్త్రము కలదని మాత్రము మాకు తోచలేదు. ఆ తెలియమి వలన ఒక శిష్యునికి తప్పు సలహా యిచ్చితిమి. దానిని ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మూడేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు ఇంజనీరింగు ముగించి, తండ్రితో మా యింటికి వచ్చెను. 'సప్లై చైన్' శాస్త్రమున పరిశోధన చేసి కళాశాలలో ఆచార్యుడు కావలెనని వాని కోరిక. చేనినుండి వంటయింటివరకు సరకు ఎన్ని చేతులు మారునో, ఎచ్చట నిలుచునో, ఎంత చెడునో లెక్కగట్టి, ఆ నష్టమును తగ్గించు విద్యయే అది. తండ్రి రెండెకరముల టమాటా రైతు. ఆయన మావంక చూచి, "బండికెత్తుడు, దించుడు. గిదానికి ఇంకో ఐదేండ్ల సదువెందుకు సారూ? మీరన్న జెప్పుండ్రి" అనెను. మేమును ఆయన మాటయే బలపరచితిమి. ఊరిచెంతనే పారిశ్రామికవాడ వెలసినది, అందు కొలువు వెదకుకొనుమని హితవు చెప్పితిమి. వాడు "సరే సార్" అని తలవంచుకొని పోయి, ఒక గిడ్డంగిలో సరకులెక్క వ్రాయు కొలువున చేరెను.

నిరుడు వేసవి సెలవులకు ముందు, తొమ్మిదవ తరగతివారిచే ఒక ఆట ఆడించితిమి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పుట్టిన యాట యిది. అచ్చట బీరు పేరిట ఆడుదురు. మేము బడిపంతులము గావున టమాటాలని పేరుమార్చి, చింతపిక్కలతో ఆడించితిమి. చిల్లరవర్తకుడు, టోకువర్తకుడు, దళారి, రైతు అని నలుగురిని వరుసగా కూర్చుండబెట్టితిమి. ఒకరితో నొకరు మాటలాడరాదు. కావలసినంత చీటిపై వ్రాసి వెనుకవానికి పంపవలెను. కోరిన సరకు రెండు వంతులు ఆలస్యముగా వచ్చును. కొనువాని చీటీలు మాత్రము మా చేతనుండెను.

మొదటి నాలుగు వంతులు కొనువాడు 4 పిక్కలడిగెను. అయిదవ వంతునుండి 8 అడిగెను. తుదివరకు ఆ 8 మారలేదు. అయినను చిల్లరవర్తకుడు సరకు చాలదని భయపడి 12 కోరెను. టోకువర్తకుడు 20 కోరెను. దళారి 30 వ్రాసెను. రైతు 40 పండించెను! మరికొన్ని వంతులకు చీటీలు సున్నలైనవి, రైతుముందు పిక్కలు గుట్టపడినవి. "దళారిదే తప్పు" అని రైతు, "నీవే ఎక్కువ పంపితివి" అని దళారి తగవులాడిరి. మేము కొనువాని చీటీలు విప్పి చూపగా నలుగురును నివ్వెరపోయిరి. రెండవమారు ఆ చీటీలు అందరికిని కనబడునట్లు ఉంచి ఆడించితిమి. గుట్ట చాలవరకు తగ్గెను.

ఇది బడియాట మాత్రమే కాదు. పసిబిడ్డలకు కట్టెడి గుడ్డల వాడుక వారమువారమునకు అంతగా మారదు. అయినను ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థవారికి వర్తకులనుండి వచ్చు కోరికలు మిక్కిలి ఊగిసలాడెను. హా లీ, పద్మనాభన్, వాంగ్ అను పండితులు 1997లో దీని కారణములను వివరించిరి. కొరడాపిడిని కొంచెము కదిపిన కొస చాలదూరము విసరును. ఇదియు నట్టిదే.

అప్పుడు మేము ఈ శాస్త్రజ్ఞులను గూర్చి చదువ మొదలిడితిమి. వారిలో మన తెలుగువారైన కట్ట గోపాలకృష్ణమూర్తిగారు కనబడిరి. చందనవెల్లినుండి బయలుదేరి పది గ్రామములు చుట్టి తిరిగి రావలెనన్న, పోదగిన వరుసలు 36,28,800. అన్నిటిని కొలువక కడు తక్కువ దూరమును కనుగొనుట యెట్లు? లిటిల్, మూర్తి, స్వీనీ, కారెల్ అను నలుగురు 1963లో ఒక యుపాయము ప్రకటించిరి. దారులను కొమ్మలుగా విభజింపవలెను. ఒక్కొక్క కొమ్మలో దూరము ఇంతకు తగ్గదని ముందే లెక్కగట్టవలెను. ఆ లెక్క, చేతనున్న దారికంటె ఎక్కువైనచో, ఆ కొమ్మను మొదలంట విడిచిపుచ్చవలెను. ఆనాటి యంత్రముపై ఈ ఉపాయముతో 40 పట్టణముల లెక్కయు తేలెను.

మూర్తిగారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయ పట్టము పొంది, కలకత్తాలోని భారతీయ గణాంకసంస్థలో చదివి, 1968లో బర్కిలీలో డాక్టరు పట్టము గాంచి, మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. మొదటి పట్టమునకును డాక్టరు పట్టమునకును నడుమ పదుమూడేండ్లు! 2005లో వారును సహచరులును హాంగ్‌కాంగ్ ఓడరేవున సరకుపెట్టెల నెచ్చట పేర్చవలెనో, బండ్లనెట్లు నడుపవలెనో తెలుపు వ్యాసము వెలువరించిరి. పేర్చుట, ఎత్తుట, దించుట! మేము తేలికచేసిన పనులే ఆచార్యుని లెక్కలైనవి.

ఈ వృత్తి సులభమని భ్రమపడరాదు. గిడ్డంగులలో తిరిగి లెక్కలు కూర్పవలెను. వ్రాసిన వ్యాసమును పేరు తెలియని పండితులు పరీక్షించి, తప్పులెన్ని త్రిప్పిపంపుదురు. మరల వ్రాయవలెను. ఒక్క వ్యాసమునకే ఏండ్లు పట్టవచ్చును. ఓపిక లేనివారికి ఇది తగదు. మన దేశమున ఐ.ఐ.టీ.లయందును, ఐ.ఐ.ఎం.లయందును ఈ పరిశోధనకు తావు కలదు. 1963లో బొంబాయిలో స్థాపితమైన నిటీ అను సంస్థ, 2023లో ఐ.ఐ.ఎం. ముంబైగా మారినది.

ఇది తెలిసినపిదప ఊరకుండలేక, ఒక ఆదివారము సాయంకాలము పిక్కలసంచితో ఆ రైతు ఇంటికి పోయితిమి. అరుగుమీద తండ్రిని, కొడుకును, ఇద్దరు ఇరుగుపొరుగువారిని కూర్చుండబెట్టి ఆడించితిమి. తండ్రి రైతు స్థానమున నుండెను. తనముందు పెరిగిన గుట్టను చాలసేపు చూచి, "రేటున్నదని అందరం ఒక్కపారే ఏస్తిమి. పోయినేడు తెంపుకూలి గూడ ఎల్లక చేన్లనే ఇడ్సిపెడితి గద సారూ" అనెను. మేము మా తప్పు ఒప్పుకొని, మూడేండ్లనాడు మాకు తెలియక చెప్పితిమని వానితో అంటిమి. వాడు నవ్వి, గిడ్డంగిలో తాను మూడేండ్లు వ్రాసిన సరకులెక్కల పుస్తకము లోపలినుండి తెచ్చి మాముందుంచెను. పరిశోధనకు పనికివచ్చునని తనకొరకు వేరుగా వ్రాసికొన్నవట!

తండ్రి ఆ పుటలు త్రిప్పి, "రాయనీండ్రి సారూ, ఆ పరీచ్చ" అనెను. వాడిప్పుడు రాత్రులు ప్రవేశపరీక్షకు చదువుచున్నాడు. పిక్కలసంచి మా బల్లసొరుగున నున్నది. తలిదండ్రులు బడికి వచ్చినప్పుడు అడిగినచో వారితోను ఆడుదుము.