నాలుగు నిమిషాల నిమ్మళం

ప్రశాంతత అనగానే మన కవులకు ఏటి ఒడ్డు, కొండ చరియ, వెన్నెల రాత్రి స్ఫురించడం పరిపాటి. వారితో వాదించే సాహసం మాకు లేదు. అయితే పాతబస్తీలో రెండు గదుల ఇంట ఎనిమిది మంది నడుమ పెరిగిన మాబోటి వారికి ఏరంటే మూసీ, కొండంటే గోడమీది క్యాలెండరులోని బొమ్మ. వెన్నెల మా గల్లీలోకి దిగడానికి మేడలు దారి ఇచ్చేవి కావు. కనుక మేమెరిగిన ప్రశాంతత రెండు పనుల మధ్య, రెండు చప్పుళ్ళ మధ్య చిక్కే నాలుగు నిమిషాలు మాత్రమే. తెలంగాణ పలుకుబడిలో దీనిని 'నిమ్మళం' అంటారు. శాంతి అనే పెద్ద మాటకంటె మాకు ఈ చిన్న మాటే ప్రియమైనది.

ఆ నిమ్మళాన్ని మేము మొదట చూచినది మా అమ్మీ ముఖంలో. తెల్లవారుజామున నీళ్ళు పట్టడంతో మొదలైన ఆమె చాకిరీ మధ్యాహ్నం అంట్లు కడిగేదాకా తెమిలేది కాదు. అటుపిమ్మట, అస్ర్ నమాజుకు ముందు, ఆమె గడప మీద కూర్చుండి సాసరులో చాయ్ పోసుకొని తాగేది. ఎదుట టైలరు మిషను మోత, పక్కింట రేడియో, గల్లీలో పిల్లల గోల యథాప్రకారం సాగుతూనే ఉండేవి. ఆమె మాత్రం అక్కడ లేనట్టే ఉండేది. ఆ వేళ అమ్మీని ఎవరూ ఏదీ అడగరాదన్నది మా ఇంటి శాసనం. మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాడు సైతం తన ఏడుపును దాదీమా వద్దకు మోసుకొని పోవలసినదే. విశేషమేమంటే, ఆ శాసనం చేసినది అమ్మీ కాదు, దాదీమాయే! అత్తగారు కోడలికి పెట్టిన నగలలో ఇంతకు మించినది మాకు కానరాదు.

ఎం.ఏ. చదివే రోజులలో మేము అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళేవారము. 1891లో ఆసఫియా పేరిట వెలసి, 1936లో మూసీ ఒడ్డున నేటి భవనంలోకి వచ్చిన గ్రంథాలయమది. బయట బస్సుల హారన్లు, లోపల పుటలు తిరిగే సవ్వడి. కన్నులు అలసినప్పుడు లేచి, సమీపంలోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ముసలి చింతచెట్టు నీడకు పోయేవారము. రోగుల వెంట వచ్చిన బంధువులు అక్కడ టిఫిన్ డబ్బాలు విప్పుకొని, ముద్ద ముద్దకూ నడుమ ఊరకే ఆకులవైపు చూస్తూ ఉండేవారు. లోపల వార్డులో ఏమి జరుగునోనన్న దిగులు వారిని విడిచినదని మేమనము. ఆ ముద్ద మింగేపాటి కాలం అది పక్కన కూర్చునేది, అంతే.

ఆ చెట్టు సామాన్యమైనది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. అదే వరదలో అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకొని ఒక్కరే మిగిలారు. అటువంటి మనిషి 1961లో కన్నుమూసేవరకు రుబాయీలు వ్రాస్తూ జీవించారు. రుబాయీ అంటే నాలుగు పాదాలు. మహా ప్రళయాన్ని చూచిన వారికి నాలుగు పాదాల చోటు చాలినదా అని మేము ఆ చెట్టు కింద పలుమార్లు ఆలోచించాము. చాలి ఉండదు. కాని అంతమేరకైనా ఆయన దానిని తనకోసం నిలుపుకున్నారు.

ఈ మాటలు తరగతిలో చెప్పినప్పుడు, గత సంవత్సరం ఒక డిగ్రీ విద్యార్థి గంట కొట్టిన తరువాత మా వెంట వరండాలోకి వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ముందు గదిలో జర్దోజీ మగ్గం. తల్లి, ఇద్దరు అక్కలు రాత్రి పొద్దుపోయేదాకా దానిమీద వంగి ఉంటారు. ఇంట ఉన్న ఒక్క ట్యూబులైటు మగ్గం మీదికే. "సార్, మీ నాలుగు నిమిషాలు బాగున్నవి. పరీక్షకు నాలుగు నిమిషాలు చాలవు కదా సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాము గాని, ఆ ప్రశ్న నవ్వి దాటవేయదగినది కాదు.

సెల్‌ఫోను మన విరామాన్ని మింగివేస్తున్నదని మేము తరచు విద్యార్థులను మందలిస్తూ ఉంటాము. అది నిజమే. బస్సుకోసం నిలుచున్న పది నిమిషాలలో పది మంది తగవులు చూచినవానికి నిమ్మళం ఎక్కడిది? వజూ చేసుకునేటప్పుడు ఫోను జేబులోనే ఉండక తప్పదు. చేతులు తడిగా ఉన్నంతసేపూ మనిషి తనకు తాను దక్కుతాడని మాకొక నమ్మకం. అయితే ఫోనును మూసిపెట్టినంత మాత్రాన ఆ పిల్లవాని ఇంట రెండవ ట్యూబులైటు వెలగదు. వానికి కావలసినది ఉపన్యాసం కాదు, ఒక దాదీమా. "ఈ వేళ వీనిని కదిలించకండి" అని చెప్పి, ఆ మాట చెల్లించగల పెద్దదిక్కు.

ఈ సంచికను కమిటీ పెద్దలు కూడా చదువుతారు గనుక ఒక విన్నపం చేసుకుంటాము. మన గ్రంథాలయానికి చివరి పీరియడుతోపాటే తాళం పడుతున్నది. జనవరి నుండి పరీక్షలు ముగిసేవరకు దానిని మరి రెండు గంటలు తెరిచి ఉంచితే, ఆ పిల్లవాని వంటివారు పదిమందైనా వచ్చి కూర్చుంటారు. కొత్త పుస్తకాలు కొననక్కరలేదు. ఉన్న బల్లలు, ఉన్న దీపాలు చాలును. అటెండరుగారికి ఆలస్యమగునన్న చింత అక్కరలేదు. వంతులవారీగా కూర్చుండి తాళం వేసి ఇంటికి పోవడానికి అధ్యాపకులము నలుగురము ఒప్పుకున్నాము. సోమవారం వంతు మాది.