పాత్ర ఎవరి మాట వింటుంది?

రచయితలు రెండు రకాల గొప్పలు చెప్పుకుంటారు. పాత్రలు నేను ఆడించినట్టు ఆడే కీలుబొమ్మలనేది ఒకటి. నేను రాయలేదు, పాత్రే నా చెయ్యి పట్టుకుని రాయించిందనేది రెండోది. మొదటిది యజమాని గర్వం. రెండోది పూనకం వచ్చినవాడి గర్వం. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి గాని, రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. రచయితకూ పాత్రకూ నడుమ సమాజమనేది ఒకటి వున్నదన్న సంగతి ఇద్దరూ మరిచిపోతారు.

మనకు ఇది ఒట్టి శిల్పానికి సంబంధించిన ప్రశ్న కాదు. మొదటి గర్వం తలకెక్కినవాడు సమ్మె కథ రాస్తే, మూడో పేజీలో మిల్లు యజమాని కొడుకు వున్నట్టుండి ఎర్రజెండా పట్టుకుంటాడు. రెండో గర్వం తలకెక్కినవాడు స్త్రీనో దళితుడినో కించపరుస్తూ రాసి, ఇదేమిటని అడిగితే ఆ పాత్ర స్వభావమే అంతని చేతులు దులుపుకుంటాడు. ఒకరు అబద్ధం రాస్తున్నారు; మరొకరు రాసినదానికి పూచీ తప్పించుకుంటున్నారు.

ఈ రెండోవారు తరచుగా టాల్‌స్టాయ్‌ని సాక్ష్యానికి పిలుస్తారు. అన్నాను రైలు కింద తోసి క్రూరంగా ప్రవర్తించారని ఒకరు నిష్ఠూరమాడితే, ఆయన పుష్కిన్ సంగతి చెప్పాడట. తన తత్యానా పెళ్ళి చేసుకుని తననే ఆశ్చర్యపరిచిందని పుష్కిన్ స్నేహితులతో అన్నాడనీ, తన పాత్రలు కూడా ఒక్కొక్కప్పుడు తాను కోరని పనులు చేస్తాయనీ టాల్‌స్టాయ్ భావం. మనవాళ్ళు ఇంతవరకే ఎత్తుకుంటారు. కాని ఆయన అక్కడ ఆగలేదు. నిజజీవితంలో అలాంటివాళ్ళు ఏం చేస్తారో అదే వాళ్ళు చేస్తారని కూడా అన్నాడు. అసలు విషయమంతా ఈ రెండో సగంలోనే వుంది. రచయిత మాట కాదని పాత్ర వింటున్నది ఏ దేవత మాటో కాదు, జీవితం మాట.

అంత దూరం పోనక్కరలేదు. మన కన్యాశుల్కంలోనే ఈ ప్రశ్న మొత్తం నాటకంగా నడుస్తుంది. కరటకశాస్త్రి స్వయంగా నటుడు. మేనకోడలు సుబ్బి లుబ్ధావధాన్ల పాలు పడకుండా చూడాలని ఒక పాత్రను సృష్టించాడు. ఆడవేషాలు వేసే శిష్యుడికి చీర కట్టి, తాను గుంటూరు శాస్త్రుల అవతారమెత్తి, ఆ పిల్లవాణ్ణి పెళ్ళికూతురుగా అంటగట్టాడు. వేషం ఆయనదే, వేషధారీ ఆయనవాడే. ఎప్పుడు రావాలో, ఎప్పుడు మాయం కావాలో అంతా ఆయన నిర్ణయమే. ఇంతకన్నా పూర్తి అధికారం ఏ రచయితకు వుంటుంది?

కాని పిల్లవాడు అనుకున్నట్టే పారిపోయాక ఏమైంది? లేని పెళ్ళాన్ని చంపాడని లుబ్ధావధాన్ల మీద కేసు వచ్చింది. కరటకశాస్త్రి పాత్రను సృష్టించాడు గాని, అది అడుగుపెట్టిన ఊరిని సృష్టించలేదు. ఆ ఊళ్ళో రామప్పంతులున్నాడు, పోలీసులున్నారు, దొంగ సాక్ష్యాలున్నాయి. పెళ్ళికూతురు మాయమైతే ఆ వ్యవస్థ తన సూత్రం ప్రకారం తాను పని చేస్తుంది. వేషం విప్పేసినా, వేషం చేసిన పని మాత్రం లోకంలో మిగిలిపోయింది. గిరీశం అనుభవమూ ఇలాంటిదే. మనిషికొక వేషం చొప్పున వేసి, కథంతా తన చేతిలో వున్నదనుకున్నవాడు ముగింపులో అది తన పట్టు తప్పిందని గ్రహిస్తాడు.

మరి గురజాడ అధికారం మాటేమిటి? ఈ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త రచన. మొదటి కూర్పులో చిన్నదిగా వున్న మధురవాణి రెండోదానిలో నాటకానికే ఆయువుపట్టు అయింది. పాత్ర తనంత తాను పెరగదు. రచయిత దగ్గర కూచుని పెంచాలి. అది ఆయన శ్రమ. ఐనా ఒక మాట ఆలోచించండి. ఇంత తెలివీ ఔదార్యమూ వున్న మధురవాణికి సౌజన్యారావు ఇంట శాశ్వతంగా చోటిచ్చి తెర దించడం కలానికి ఒక్క నిమిషం పని. గురజాడ ఆ పని చెయ్యలేదు. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన సంస్కర్త అంత దూరం నడవగలిగిన కాలం కాదది. కాని ఆమె మగవేషంలో ఆయన ఎదుట కూచునే పరిస్థితిని కల్పించాడు. ఆ వ్రతం ఎంత పెళుసో చూపడానికి అది చాలు.

బాల్జాక్ విషయంలో ఎంగెల్స్ చెప్పినది కూడా ఇదే. మార్గరెట్ హార్క్‌నెస్‌కు 1888లో రాసిన ఉత్తరంలో, బాల్జాక్ సానుభూతి అంతా అస్తమిస్తున్న ప్రభువర్గం వైపు వున్నా, ఆయన వ్యంగ్యం పదునెక్కేది ఆ వర్గాన్ని చిత్రించేటప్పుడేనని అంటాడు. మన మాలపల్లి చూడండి. ఉన్నవ లక్ష్మీనారాయణ గాంధీ మార్గాన్ని నమ్మినవాడు. సంగదాసు ఆ నమ్మకానికి దగ్గర. కాని తిరుగుబాటు దారి పట్టి తక్కెళ్ళ జగ్గడిగా మారిన వెంకటదాసును ఆయన దుర్మార్గుడిగా చిత్రించలేకపోయాడు. ఆ దారిని ఆమోదించకపోయినా, ఒక మనిషిని ఆ దారికి నెట్టిన కారణాలు ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని దాచలేదు. అందుకే పాత్ర నిలిచింది.

ఈ సంగతిని విద్యార్థులకు సిద్ధాంతంగా చెప్పేకంటే చేయించి చూపడం మేలనిపించి, తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. రాసిపెట్టిన సంభాషణలుండవు. ఒకరు కౌలురైతు, ఒకరు భూమి యజమాని, ఒకరు ఎరువుల కొట్టువాడు. పాత్ర ఎవరిది వారిదే. కథ మాత్రం అందరిదీ. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కౌలురైతు పత్రానికి యజమాని సంతకం అడిగింది. ఆ సంతకమే మా ఘట్టం. యజమాని వేషం వేసిన అమ్మాయి మంచి మనసున్నది. సంతకం పెట్టేస్తానని ముందే అందరికీ చెప్పింది. తీరా కాగితం ముందుకు రాగానే, "ఇవాళ సంతకమంటావు, రేపు భూమే నాదంటావు" అని లేచి నిలబడింది.

అలా ఎందుకన్నావని అడిగితే, "మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాగే అంటారు సార్, నోట్లోంచి అదే వచ్చింది" అన్నది. పాత్ర తిరుగుబాటు అంటే ఇదే. ఇందులో మాయ లేదు. ఆమె సదుద్దేశం కన్నా ఆమె చెవిన పడిన సమాజం బలమైనది. ఎదుటి కుర్రాళ్ళు కూడా ఆమెను ఊరికే మెత్తబడనివ్వరు. నలుగురు కలిసి ఆడే కథలో ఒకరి అబద్ధాన్ని మిగిలిన ముగ్గురు పట్టేస్తారు. ఒంటరిగా గదిలో కూచుని రాసేవాడికి ఆ ముగ్గురూ వుండరు. వాళ్ళను తన బుర్రలో కూచోబెట్టుకోవడమే రచయిత నేర్చుకోవలసిన విద్య.

ఐతే ఆ అమ్మాయికి ఇక చెయ్యగలిగిందేమీ లేదా? మర్నాడు తనే ఒక మార్పు అడిగింది. ఒక్క కౌలురైతు కాదు, ఊళ్ళో కౌలుదార్లంతా కలిసి రావాలి. సంతకాలు లేకుంటే ఈ ఏడు ఎవరూ భూమి దున్నమని చెప్పాలి. అలాగే ఆడారు. భూమి బీడు పడుతుందన్న భయం, భూమి పోతుందన్న భయాన్ని మించింది. యజమాని గొణుక్కుంటూనే సంతకం పెట్టింది. తరగతిలో ఒక్కరు కూడా అది అబద్ధమనలేదు. నిన్న రానన్న ముగింపు ఇవాళ నడిచి వచ్చింది. మారింది యజమాని హృదయం కాదు, ఆమె చుట్టూ వున్న బలాల పొందిక.

రచయిత అధికారం ఎక్కడుందో ఇక్కడ తేలుతుంది. పాత్ర చేత నేరుగా ఫలానా పని చేయించే అధికారం అతనికి చాలా తక్కువ. ఏ పరిస్థితుల్లో నిలపాలి, ఎవరిని ఎదురు పెట్టాలి, ఏ ఘట్టంలో చూడాలి, ఏ మాట దగ్గర తెర దించాలి, ఇవన్నీ పూర్తిగా అతని చేతిలోనివే. ఎన్నిక అతనిదైనప్పుడు పూచీ కూడా అతనిదే. కించపరిచే మాట పాత్ర నోట రావచ్చు. ఆ మాటకు జవాబు చెప్పగలిగిన మనిషిని ఆ గదిలోకి రానివ్వకపోవడం మాత్రం పాత్ర చేసిన పని కాదు.

మన కథల్లో కార్మికుడు గెలవాలని కోరుకోవడం తప్పు కాదు. ఆ కోరికను అతని నోట ఉపన్యాసంగా పెడితే కథ గెలవదు, అతనూ గెలవడు. అతను గెలవగల పరిస్థితులేమిటో ముందు జీవితంలో వెతకాలి. దొరికితే రాయాలి. ఇంకా దొరకకపోతే, ఏ బలం అడ్డుపడుతున్నదో అది రాయాలి. ఓటమిని నిజాయితీగా చూపిన కథ చదివి పిడికిలి బిగించిన పాఠకులున్నారు. దొంగ గెలుపు చదివి కదిలినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.