టవర్ లేని చోట కబురు



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. చేతిలో ఫోను ఉన్నా కబురు లేదు. అలాంటి వేళ పక్కపక్కనున్న పరికరాలే ఒకదాని నుంచి ఒకటి కబురు అందుకుంటూ పోతే? టవర్ లేకుండా, కదిలే పరికరాలు తమకు తామే అల్లుకునే ఆ వలను మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు. ఎం.సి.ఏ.లో మేము ఎంచుకున్న ప్రాజెక్టు ఇదే.

విన్న ప్రతి పరికరమూ తిరిగి చెబితే అందరికీ చేరుతుందని అనిపిస్తుంది. కానీ భోజనాల గంట కొట్టగానే యాభైమంది ఒక్కసారే "అన్నా, సాంబారు" అని అరిస్తే వడ్డించే అన్నకు ఏం వినబడుతుంది? రేడియోలోనూ అంతే. సంకేతాలు ఢీకొని కబురు చెడిపోతుంది. 1999లో తైవాన్ పరిశోధకులు దీన్ని 'బ్రాడ్‌కాస్ట్ తుఫాను' అన్నారు. ఒకే కబురును నాలుగుసార్లు విన్న పరికరం మళ్లీ చెప్పినా, కొత్తగా చేరే మేర సగటున దాని పరిధిలో 5 శాతం లోపేనని లెక్కగట్టారు. కాబట్టి వినగానే చెప్పకుండా కాస్త ఆగాలి. ఈలోగా ఇరుగుపొరుగు చెప్పేస్తే ఊరుకోవాలి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. వై-ఫైలో ఒక్కరికి పంపిన కబురుకు 'అందింది' అని జవాబు వస్తుంది. అందరికీ పంపిన కబురుకు రాదు. అందరూ జవాబిస్తే మళ్లీ తుఫానే. అందుకని కబుర్లకు వరుస నంబర్లు వేస్తారు. 6 తర్వాత 8 వస్తే, 7 రాలేదని అందనివాడే అడుగుతాడు. మరి వలకు దూరంగా వెళ్లి, ఏ కబురూ వినని వాడు ఏమని అడుగుతాడు? 2000లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికో దారి చూపారు. రెండు పరికరాలు ఎదురుపడినప్పుడల్లా తమ దగ్గరున్న కబుర్ల జాబితాలు సరిచూసుకుంటాయి. ఒకదాని దగ్గర లేనిది రెండోది ఇస్తుంది.

ఇది చదువుతుంటే మాకు మా పేటే గుర్తొచ్చింది. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఎంట్రన్సు అయినా, స్కాలర్‌షిప్ అయినా, సీనియర్ అన్నల నోటనే మాకు తెలిసింది. మాతో పదో తరగతి చదివిన ఒక అమ్మాయి మార్కుల్లో మా అందరికన్నా ముందుండేది. ఇంటర్ అయ్యాక కాలేజీ దరఖాస్తుల వేళకు ఆమె అమ్మానాన్నలతో వలస పనికి వెళ్లింది. ఊరంతా తెలిసిన కబురు ఆమెకు గడువు దాటాక తెలిసింది. ఆ ఏడాదితోనే ఆమె చదువు ఆగిపోయింది.

అందుకే మా మనవి ఒక్కటే. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు దరఖాస్తుల తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. రచ్చబండ దగ్గర ఒకసారి చెప్పి ఊరుకోకండి. పేట చివరి ఇంటిదాకా వెళ్లండి. వలస నుంచి ఎవరు తిరిగొచ్చారో కనుక్కోండి. "నీకు ఏవేవి తెలుసు?" అని అడిగి, వాళ్లకు తెలియనిది అక్కడే కూర్చుని రాసివ్వండి.