పాత పుస్తకం, పాత ఏరు

ఆదివారం మా వీధి పుస్తకాల కొట్లో పాత పుస్తకాలు అమ్మారు. వచ్చిన ప్రతి రూపాయీ మూసీ గట్టు శుభ్రం చేసే కుర్రాళ్ల చేతి తొడుగులకీ, గోనెసంచులకీ. నేను ఏరుకున్న పుస్తకంలో ఎండిన రావి ఆకు ఒకటి దొరికింది.

అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఏరు మూసీ. 1908 వరదలో హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ దెబ్బ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఏటి నీళ్లు తాగి, మురుగు తిరిగిచ్చాం.

పుస్తకాల డబ్బుతో మురుగు శుద్ధి కాదు, దానికి ప్రభుత్వమే పూనుకోవాలి. కానీ డబ్బాలో పది రూపాయలు వేసిన చిన్నపాప, "మూసీ ఎక్కడుంది తాతా?" అని అడిగింది. గుండె కలుక్కుమంది. వచ్చే ఆదివారం చాదర్‌ఘాట్ వంతెన మీదికి తీసుకెళ్లి చూపిస్తానని మాటిచ్చాను.