మరమ్మతుల ఇంటిలో వాసన

జ్వరానికి మందు వ్రాసే ముందు కారణమేమిటో వెదకడం వైద్యుని విధి. ఇంటిలోని వాసనకు మాత్రం మనమందరం ఒక అగరువత్తి వెలిగించి ఊరుకుంటాము.

నిరుడు మా పాత ఇంటికి మరమ్మతులు చేయించాము. మా అమ్మాయి తొలి పురుటికి రావలసిన సమయమది. ఇల్లంతా ఘాటు. “కొత్త రంగుల వాసనండీ, పది రోజుల్లో పోతుంది” అన్నాడు మేస్త్రీ. గది గదికీ వెళ్లి చూస్తే, అవి నిజానికి మూడు వేర్వేరు వాసనలు.

స్నానాలగదిలోనిది మురుగు వాసన. జాలీ క్రింది వంపులో నిలిచే నీరే మురుగువాయువును అడ్డుకుంటుంది. రెండు నెలల వాడకం లేక ఆ నీరు ఆవిరైపోయింది. ఒక బకెట్టు నీళ్లతో సమస్య తీరింది.

పడకగదిలోనిది చెమ్మ వాసన. గోడలోని గొట్టం కారుతూ, అలమర వెనుక నల్లని బూజు పట్టింది. దాని మీద రంగు వేయడమంటే చీము తీయకుండా కట్టు కట్టడమే! ఉబ్బసం ఉన్నవారికి ఈ బూజు మరింత హానికరం. గొట్టం మార్పించి, సున్నం పెచ్చులు కొట్టించి, గోడ పూర్తిగా ఆరేవరకు ఆగాము.

మూడవదే మొండిది. కొత్త ప్లైవుడ్ అలమరలు తెరిస్తే కళ్లు మండేవి. చెక్క పొరలను అతికించే జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. వేడి, తేమ పెరిగితే మరింతగా వెలువడుతుంది. దీనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. అలమరల తలుపులు తెరిచి, ఎదురెదురు కిటికీల గుండా గాలి ఆడనివ్వడం, చెక్క అంచులను మూయించడం తప్ప దీనికి సులువైన మందు లేదు.

బంధువులొకరు కలరా ఉండలు వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. జి6పిడి అనే ఎంజైము లోపమున్న పసికందులలో వాటి ఆవిరి రక్తకణాలను విచ్ఛిన్నం చేసి, తీవ్రమైన కామెర్లు తెప్పించగలదు. మరొక మాట: బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

అలమరల ఘాటు తగ్గలేదు. అమ్మాయి అత్తవారింటనే ప్రసవించింది. పుట్టింట పురుడు పోయలేదన్న కొరత మా శ్రీమతికి ఇప్పటికీ ఉంది. నా నిర్ణయం మాత్రం సరైనదే.

మీ ఇంటిలోనూ మరమ్మతులు జరుగుతుంటే, గదిని రాత్రంతా మూసి ఉంచి, ఉదయం బయటి గాలి పీల్చి వచ్చి తలుపు తీయండి. లోపలే ఉంటే ముక్కు కొద్ది నిమిషాలలోనే వాసనకు అలవాటుపడిపోతుంది. కళ్లు మండినా, గొంతు గరగరలాడినా, ఆ గదిలో పసిపిల్లలను, గర్భిణులను పడుకోబెట్టకండి.